రెండూ మూడూ కలుపు

శ్రీకాకుళంలో బీటెక్ చదివేటప్పుడు పీపీఎల్ అంటే మాకు చులకన. పూర్తిపేరు ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్. ఉద్యోగానికి జావా అనే ఒక్క ప్రోగ్రామింగ్ భాష చాలు, ఈ సబ్జెక్టుకు పాస్ మార్కులు చాలు అనుకునేవాళ్ళం. ఒకరోజు సర్ బోర్డు మీద 2 3 + అని రాసి చదవమన్నారు. ముందు బెంచీవాడు "టూ త్రీ ప్లస్" అన్నాడు. "తెలుగులో చదవరా!" "రెండూ మూడూ... కలుపు."

అది ఫోర్త్ అనే ప్రోగ్రామింగ్ భాష. 1970 ప్రాంతంలో చార్లెస్ మూర్ తయారుచేశాడు. ఇందులో అంకెలు ముందు, చేయాల్సిన పని ఆఖర్న. 2 వచ్చి కూర్చుంటుంది, దాని నెత్తిన 3 ఎక్కుతుంది. + రాగానే పైనున్న రెండిటినీ తీసి, వాటి చోట 5 పెడుతుంది. గిన్నెల దొంతరే, ఏది తీసినా పైనుంచే తీయాలి. 3 4 + 2 * అంటే "మూడూ నాలుగూ కలిపి రెండుతో గుణించు". బ్రాకెట్లతో పనేలేదు, ఆ 'కలిపి' చూసుకుంటుంది. నోటితో రోజూ మాట్లాడే వరస మెషీన్‌లో కనబడేసరికి నాకు నిద్ర వదిలింది.

మాకు అలవాటైన సి, జావా భాషల తీరు వేరు. డబ్బాలో విలువ పెట్టు, మార్చు, మళ్ళీ మార్చు. 1957లో ఐబీఎం కంపెనీ నుంచి వచ్చిన ఫోర్ట్రాన్ భాషదీ ఇదే దారి. ఆ జట్టును నడిపిన జాన్ బ్యాకసే, 1977లో కంప్యూటర్ రంగంలో పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో, ఈ పద్ధతి నుంచి బయటపడాలి, ఫంక్షన్లను, అంటే ఒకటి తీసుకుని ఇంకొకటి ఇచ్చే చిన్న చిన్న పనులను, కలుపుకుంటూ ప్రోగ్రాములు కట్టాలి అన్నాడు. ఎలాగంటే పొందూరు ఖద్దరు తలుచుకోండి. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేస్తారు, తర్వాత వడుకుతారు, ఆపైన నేస్తారు. ఒకరి చేతిలోంచి వచ్చింది ఇంకొకరి చేతిలోకి. పోలిక ఇక్కడివరకే. నేశాక పత్తి మిగలదు, ఈ తరహా భాషైన హాస్కెల్‌లో మాత్రం ఫంక్షన్‌కిచ్చిన మొదటి లిస్టు చెక్కుచెదరదు.

అసలు మజా ప్రోలాగ్ అనే భాషది. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సేలో పుట్టింది. దీనికి పని ఎలా చేయాలో చెప్పం, ఏది నిజమో చెప్తాం. తల్లికి తోబుట్టువైన మగవాడు మేనమామ. అంతే. నా మేనమామలు ఎవరని అడగొచ్చు, ఫలానా ఆయన ఎవరెవరికి మేనమామ అనీ అడగొచ్చు. రెండిటికీ ఒకటే రూలు. పెళ్ళిళ్ళలో మా అమ్మమ్మ చేసే పని ఇదే. కొత్తవాళ్ళు కనబడితే ఊరూ ఇంటిపేరూ అడిగి, నిమిషంలో వరస తేల్చేస్తుంది.

సంక్రాంతి సెలవుల్లో పలాస వెళ్ళినప్పుడు ఆవిడ పక్కన కూర్చుని మా చుట్టరికాలన్నీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించాను. ఇద్దరికీ తల్లి ఒకరే అయితే తోబుట్టువులు అని రూలు రాసి, అమ్మ తోబుట్టువులు ఎవరని అడిగాను. ఇద్దరు మామయ్యలు వచ్చారు, పిన్ని వచ్చింది, ఆ వెనకే అమ్మ కూడా వచ్చింది. తప్పేమీ లేదు, అమ్మకూ అమ్మకూ తల్లి ఒకరేగా! ఇద్దరూ వేర్వేరు మనుషులై ఉండాలని నేను రాయలేదు.

అమ్మమ్మకు విషయం చెప్పాను. కళ్ళజోడు పైకి తోసుకుని స్క్రీన్ వంక చూసింది.

"అదీ సెప్పాలేటిరా దానికి?"