వాలు సొరంగం కోసం గుట్టను కోయడం

గోదావరిఖని వైపు బొగ్గు గనిలోకి దిగే వాలు దారిని ఇంక్లైన్ అంటారు. కొన్ని గనుల పేర్లే ఆ మాటతో ఉంటాయి. అలాంటి దారి మొదలయ్యే తీరు చూస్తే వాలు సొరంగం సంగతి సగం అర్థమవుతుంది. ముందు రెండు పక్కలా నేలను కోసుకుంటూ దారి కిందికి దిగుతుంది. నెత్తిన నిలవగలిగినంత రాయి వచ్చాకే కప్పు మొదలవుతుంది. రైలు సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్ మీద రైలు నడిపే ఆటలో, కాజీపేట చుట్టూ ఊహా లైను వేసుకుని, దాన్ని గుట్ట కింది నుంచి తీసుకుపోవాలనుకునేవాళ్లకూ ఇదే వరస. అక్కడ అడ్డం పడేది సిమ్యులేటర్ నేలను లెక్కపెట్టుకునే పద్ధతి.

ఆ నేల గుట్టల మీద పరిచిన దుప్పటి లాంటిది. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్‌లో నేలను పలకలుగా కోస్తారు. ఒక్కో పలక 2048 మీటర్ల చదరం, ప్రతి 8 మీటర్లకు ఒక బిందువు, ఆ బిందువుకు ఒక ఎత్తు. నాలుగు బిందువుల మధ్య చదరమే గడి. ఓపెన్ రైల్స్ అనే మరో సిమ్యులేటర్ కూడా దాని కోసం చేసిన రూట్లనే నడుపుతుంది. ట్రెయిన్జ్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో మొదట గడి 10 మీటర్లు, తర్వాత 5 మీటర్లదీ వచ్చింది. ఒక చోటికి ఒకే ఎత్తు కాబట్టి కింద పట్టాలు, పైన గుట్ట రెండూ ఆ దుప్పటిలో ఇమడవు. అందుకే సొరంగాన్ని విడి గొట్టంగా లోపల పెట్టి, మూతి దగ్గర, అంటే రైలు లోపలికి దూరే చోట, మాత్రం దుప్పటికి చిల్లు పెడతారు.

గుట్ట రూపం దగ్గరే ఒక జాగ్రత్త అవసరం. చాలామంది వాడే ఎత్తుల సమాచారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచినది. అందులో కొలతకూ కొలతకూ దూరం సుమారు 30 మీటర్లు. అంటే 8 మీటర్ల గళ్లు పద్నాలుగింటికి ఒక్క కొలత. మైదానానికి అది సరిపోతుంది. వరంగల్ కోటలోని ఏకశిల గుట్టలా నిటారుగా లేచే నల్లరాతి గుట్టకు మాత్రం అంచులు అరిగిపోయి, కుప్పపోసిన ధాన్యపు రాశిలా కనిపిస్తుంది. మూతి పెట్టే వైపు అంచును చేత్తో పైకి లాగి నిలబెట్టాకే సొరంగం పని మొదలుపెట్టాలి.

తర్వాత లెక్క. సొరంగం 600 మీటర్లు, ఎక్కుడు వందకు ఒకటి, అంటే వంద మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు, అనుకుందాం. కింది మూతి దగ్గర పట్టా ఎత్తు 262 మీటర్లైతే పై మూతి దగ్గర 268. గొట్టం కప్పు పట్టాకు 7 మీటర్ల పైన ఉంటే కింది చివర 269, పై చివర 275. గుట్టలో 500 మీటర్ల దగ్గర ఒక పల్లం ఉంది, అక్కడ నేల 273. కింది మూతి కప్పుతో పోల్చుకుని ఇంకా 4 మీటర్ల మట్టి ఉందిలే అనుకుంటారు. నిజానికి అక్కడ పట్టా 267కు, కప్పు 274కు చేరాయి. గొట్టం మీటరు మేర బయటికి పొడుచుకొస్తుంది, డ్రైవర్‌కు సొరంగం మధ్యలో గడ్డి కనిపిస్తుంది. ఎక్కుడు నిటారయ్యేకొద్దీ తేడా పెరుగుతుంది. అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరందుల్ లైనులోలా అరవైకి ఒకటి అయితే అదే 600 మీటర్లకు 10 మీటర్లు. ప్రతి 50 మీటర్లకు పట్టా, కప్పు, నేల ఎత్తులు మూడూ రాసుకుంటే చాలు. కప్పు మీద 1 మీటరైనా మిగలాలి.

మూతి దగ్గర బయటి వరస బిందువులను పట్టాకు 40 సెంటీమీటర్లు కిందికి దింపాలి, లేకపోతే కంకరలోంచి నేల పొడుచుకొస్తుంది. దాని వెనకే ఉన్న లోపలి వరస కప్పును దాటిన ఎత్తులో ఉండాలి. ఈ రెండు వరసల మధ్య నిలువు గోడలా లేచే గళ్లే మూతికి అడ్డం. వాటినే మాయం చేయాలి, ఇంకా లోపలివి ముట్టొద్దు. లైను గడికి నేరుగా వస్తే పక్కపక్కన రెండు గళ్లు తీస్తే చాలు. ఏటవాలుగా వస్తే చిల్లు మెట్లు మెట్లుగా తయారై నాలుగైదు గళ్లు పోతాయి, వాటిని మూయడానికి పక్క గోడలు పొడుగ్గా కావాలి. వీలుంటే లైనునే కాస్త జరపడం మేలు. రూటు తయారుచేసే కొన్ని ఎడిటర్లలో గడికి బదులు బిందువును దాచాలి, అప్పుడు దాని చుట్టూ నాలుగు గళ్లు, అంటే 16 మీటర్ల చదరం ఒకేసారి పోతుంది.

ఎక్కువ మంది గమనించనిది మూతి గోడ ఒరిగే తీరు. గోడ బొమ్మ పట్టాకు అంటుకుని ఉంటే పట్టాతోపాటు అదీ వాలుతుంది. అరవైకి ఒకటి ఎక్కుడులో 10 మీటర్ల గోడ పైభాగం 17 సెంటీమీటర్లు జరుగుతుంది. రెండు చివరలా జరిగేది దిగువ వైపుకే. కాబట్టి కింది మూతి గోడ బయటికి ఒరుగుతుంది, పై మూతి గోడ గుట్టలోకి ఒరిగి దాని ముందు మట్టి తొంగిచూస్తుంది. నిజమైన గోడలను తూకం గుండు పట్టి నిటారుగా కడతారు. అందుకే గోడను విడి వస్తువుగా నిటారుగా నిలిపి, గొట్టాన్ని అర మీటరు దాని లోపలికి దూర్చాలి.

పట్టా వెంట నేలను సర్దే ఎడిటర్‌లోని ఆటోమేటిక్ పనిముట్టు బయటి కటింగ్‌కు, అంటే మూతి దాకా నేలను కోసి చేసే దారికి, చాలా సాయం. మూతి దాటనిస్తే మాత్రం గుట్టను నిలువునా చీలుస్తుంది. రెండు గళ్లు ముందే ఆపి, మిగతాది చేత్తో దిద్దాలి. కటింగ్ గోడలు రాతిలో నిటారుగా ఉంటాయి గానీ 8 మీటర్ల గడిలో అంత నిటారు వస్తే నేల మీద పరిచిన మట్టి, గడ్డి బొమ్మ సాగి చారలు పడుతుంది. అక్కడ బండరాళ్ల బొమ్మలు ఆనించి పెట్టాలి.

ఇక చెరువులు. వరంగల్ చుట్టూ రూటు గీస్తే భద్రకాళి చెరువో, వడ్డేపల్లి చెరువో ఏదో ఒక పలకలో పడుతుంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో నీరు పలక అంతటికీ ఒకే పొరలా ఉంటుంది, నేల దానికంటే కిందికి దిగిన చోటల్లా బయటపడుతుంది. కింది మూతి కటింగ్ నీటి మట్టం కంటే లోతుకు పోతే పట్టాల మీద చెరువు నిలుస్తుంది. నీరు ఆన్, ఆఫ్ చేసేది 128 మీటర్ల ముక్కల లెక్కన కాబట్టి కటింగ్ ఉన్న ముక్కల్లో దాన్ని ఆపేయాలి. చెరువు, కటింగ్ ఒకే ముక్కలో పడితే పట్టా ఎత్తునే పెంచి, పైన రాసుకున్న లెక్కంతా మళ్లీ వేయాలి.