ఆరితే గడ్డకట్టే కుండలు

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, “మామయ్యా, అల్యూమినియం ఫ్యాక్టరీలకి సోలార్ పెట్టేస్తే బొగ్గు గొడవ వదిలిపోతుంది కదా” అన్నాడు. అడగడం తేలికే!

కిలో అల్యూమినియానికి దాదాపు 14 యూనిట్ల కరెంటు కావాలి. ఒడిశా అంగుల్‌లో ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ నాల్కోకి ఉన్న స్మెల్టర్ (లోహం తీసే కర్మాగారం) సామర్థ్యం ఏడాదికి 4.6 లక్షల టన్నులు, అంటే రాత్రనక పగలనక 700 మెగావాట్లకు పైనే కరెంటు కావాలి. ఆ నాల్కోకే మన కడప జిల్లా గండికోట దగ్గర 50.4 మెగావాట్ల గాలిమరలున్నాయి, అవి ఒక్క క్షణం ఆగకుండా తిరిగినా ఇందులో పద్నాలుగో వంతుకి చాలవు. పోనీ, మరలు ఇంకా పెట్టుకోవచ్చు. గాలి ఆగిపోయినప్పుడు మొదలవుతుంది అసలు తంటా.

అనకాపల్లి వైపు బెల్లం వండటం చూశారా? పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూనే ఉంటారు, పాకం అచ్చుల్లో పొయ్యకుండా చల్లారితే పెనంలోనే బిగుసుకుంటుంది. అల్యూమినియం తీసే తొట్టిని అక్కడ ‘పాట్’ అంటారు. అందులో సుమారు 960 డిగ్రీల దగ్గర కరిగిన క్రయోలైట్ అనే లవణం, దాంట్లో కలిసిన అల్యూమినా (అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన పదార్థం). కింద పొయ్యంటూ లేదు, కరెంటే పొయ్యి. వోల్టులు నాలుగే, ఆంపియర్లు మాత్రం పెద్ద పాట్లలో మూడు లక్షలు దాటతాయి. నాలుగైదు గంటలు కరెంటు పోయిందా, వరసగా కలిపిన వందల పాట్లు ఒకేసారి గడ్డకడతాయి. బెల్లమైతే మళ్ళీ కరిగించుకుంటాం, ఇక్కడ మాత్రం రాయిలా బిగిసినదాన్ని పగలగొట్టి తియ్యాలి. ఇలా అల్యూమినియం తీయడాన్నే హాల్ పద్ధతి అంటారు, చదువుకునే రోజుల్లో దాని సమీకరణం మాచేత బట్టీ పట్టించారు గానీ ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

ఇంకో చిత్రం. కరిగిన క్రయోలైట్ తొట్టి గోడని కూడా తినేస్తుంది, అందుకని పెనం అంచున పేరుకున్న పాకంలా గోడకి ఒక గడ్డ పొర ఎప్పుడూ ఉండాల్సిందే. కరెంటు పెరిగితే ఆ పొర కరిగి గోడ బయటపడుతుంది, తగ్గితే పొర లోపలికి లావెక్కుతుంది. జర్మనీలో ఎసెన్‌లో ట్రిమెట్ కంపెనీ పాట్ల పక్కలకి గాలి గొట్టాలు బిగించింది. కరెంటు ఎక్కువున్నప్పుడు గాలి వదిలి వేడి లాగేస్తారు, తక్కువైతే గాలి కట్టేసి దాచుకుంటారు, ఉక్కపోతకి దుప్పటి తీసి చలికి కప్పుకున్నట్టు. దాంతో వాడకాన్ని పావువంతు అటూ ఇటూ మార్చే వీలు దొరుకుతుంది.

కరెంటంతా ఎండదే అనుకున్నా పొగ పోదు. పాట్‌లోకి కరెంటు దింపే కార్బన్ దిమ్మ, అంటే యానోడ్, అల్యూమినాలోని ఆక్సిజన్‌ని లాక్కుని కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, టన్ను లోహానికి 400 కిలోలకు పైనే కార్బన్ అలా హరించుకుపోతుంది. ఆ కార్బన్ పెట్రోలియం కోక్, అంటే ముడిచమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి పదార్థం. దాని బదులు కట్టెబొగ్గు వాడదామంటే, అది గుల్లగా ఉంటుంది, బూడిదలో పొటాషియం, కాల్షియం ఉంటాయి, వాటివల్ల యానోడ్ గాలి తగిలి త్వరగా కాలిపోతుంది. అందుకే కోక్‌లో కొంచెం కొంచెం కలిపి చూస్తున్నారు.

“మరి చెరకు పిప్పి బొగ్గు?” అన్నాడు వాడు. పిప్పి బూడిదలో సిలికా ఎక్కువ, అందులోని సిలికాన్ నేరుగా లోహంలోకి దిగుతుంది అన్నాను.