తలల లెక్కా, గంటల లెక్కా? కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల చేరికల వెనక కథ

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో (ఇవి ప్రధానంగా రెండేళ్ల చదువుల ప్రభుత్వ కాలేజీలు) 2008-09లో సుమారు 29 లక్షల మంది చదివారు. కోవిడ్ వచ్చాక ఆ సంఖ్య 20 లక్షల లోపుకు పడిపోయింది. గ్రాఫు చూసి ‘జనానికి కాలేజీ మీద మోజు పోయింది’ అనేయడం తేలిక. కాలేజీ రిసెర్చ్ ఆఫీసులో పనిచేసేవాళ్లు మాత్రం ముందు ఇది ఏ రోజు లెక్క, తలల లెక్కా (ఎంతమంది చేరారు) గంటల లెక్కా (అందరూ కలిసి ఎన్ని గంటల చదువు) అని అడుగుతారు.

అక్కడ మన కౌన్సెలింగ్‌లా ఇన్ని సీట్లు, ఇంత ర్యాంకు అనే గొడవ లేదు. 1960లో రాష్ట్రం వేసుకున్న ఉన్నత విద్యా ప్రణాళిక, ‘మాస్టర్ ప్లాన్’, మార్కుల్లో పై ఎనిమిదో వంతు విద్యార్థులకు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు అని గీత గీసి, మిగతా అందరికీ ఈ కాలేజీల తలుపు తెరిచింది. అప్పట్లో ఫీజు లేదు. ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచి వచ్చేది. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 13 అనే చట్టం ఆ పన్నుకు కళ్లెం వేయడంతో కాలేజీలు రాష్ట్ర ఖజానా వైపు చూడాల్సి వచ్చింది. 1984లో యూనిట్‌కు (సెమిస్టర్ పొడవునా వారానికి సుమారు ఒక గంట క్లాసు) 5 డాలర్ల ఫీజు మొదలైంది. 2012 నాటికి అది 46 డాలర్లయింది.

ఖజానా డబ్బిచ్చేది ప్రధానంగా తలలను బట్టి కాదు, గంటలను బట్టి. 525 బోధన గంటలు ఒక ఎఫ్‌టీఈఎస్, అంటే ఒక పూర్తికాల విద్యార్థితో సమానం. వారానికి 3 గంటల క్లాసులో 35 మంది ఉంటే, 17.5 వారాల సెమిస్టర్‌కు 3 × 17.5 × 35 = 1837.5 గంటలు. దాన్ని 525తో భాగిస్తే 3.5. ఆ 35 మందిని లెక్కించేది సెమిస్టర్‌లో ఐదో వంతు గడిచే సమయానికి వచ్చే సెన్సస్ రోజున. ఆ లోపు మానేసినవాళ్లు లెక్కలోకి రారు, తర్వాత మానేసినా పోరు. అందుకే క్లాసుకు రానివాళ్ల పేర్లను అధ్యాపకులు ఆ రోజు లోపే తీసేయాలి. తీయకపోతే ఆడిట్‌లో పట్టుబడుతుంది.

ఇక తగ్గుదల సంగతి. 2009 తర్వాత మాంద్యంలో ఉద్యోగాలు పోయినవాళ్లు కాలేజీలకు వచ్చారు. అదే సమయంలో రాష్ట్రం నిధులు కోసేసింది, కాలేజీలు సెక్షన్లు (ఒక్కో సబ్జెక్టుకు నడిపే విడివిడి క్లాసులు) ఎత్తేశాయి, వెయిట్‌లిస్టులు పెరిగాయి. అంటే అప్పుడు తగ్గింది చోటు, రావాలనుకునేవాళ్లు కాదు. ఆర్థిక వ్యవస్థ కోలుకున్నాక చాలామంది పనుల్లోకి వెళ్లిపోయారు, ఆపైన కోవిడ్. గ్రాఫులో అంతా ఒకే వాలులా కనిపిస్తుంది. కారణాలను విడదీయాలంటే మొత్తం సంఖ్య పక్కన సెక్షన్ల సంఖ్యనూ, క్లాసులు నిండిన శాతాన్నీ పెట్టాలి. సెక్షన్లు తగ్గి క్లాసులు కిక్కిరిస్తే కాలేజీయే తలుపు మూసినట్టు. సెక్షన్లు అలాగే ఉండి కుర్చీలు ఖాళీగా ఉంటే రావాల్సినవాళ్లు రానట్టు.

తరచూ జరిగే తప్పు ఫాల్, స్ప్రింగ్ అనే రెండు సెమిస్టర్ల సంఖ్యలను కలిపేయడం. రెండు సెమిస్టర్లూ చదివిన విద్యార్థి రెండుసార్లు పడతాడు. దేశవ్యాప్త లెక్కల్లో ఇంకో చిక్కుంది. ఫ్లోరిడాలో కమ్యూనిటీ కాలేజీలు బ్యాచిలర్ డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టాక ఫెడరల్ లెక్కల్లో నాలుగేళ్ల కాలేజీల గుంపులోకి మారాయి. విద్యార్థులు ఎక్కడికీ పోలేదు, రెండేళ్ల కాలేజీల అంకె మాత్రం తగ్గింది.

మళ్లీ కాలిఫోర్నియాకొస్తే, 2018-19లో వచ్చిన కొత్త నిధుల సూత్రం ఆ డబ్బులో దాదాపు 70 శాతాన్నే చేరికలకు కట్టింది. మిగతాది పేద విద్యార్థుల సంఖ్యకూ ఫలితాలకూ ముడిపడి ఉంటుంది. మామూలు క్రెడిట్ క్లాసులకు (డిగ్రీకి లెక్కలోకి వచ్చేవి) మూడేళ్ల గంటల సగటు తీస్తారు కాబట్టి ఈ ఏడాది దెబ్బ పూర్తిగా తెలిసేది రెండేళ్ల తర్వాతే. హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్లాసు తీసుకునే పిల్లల గంటలు ఆ సగటులోకి రావు. ఒక్క 3 యూనిట్ల క్లాసు తీసుకున్న పిల్లవాడు తలల లెక్కలో 1, గంటల లెక్కలో 0.1. వీళ్ల మూలంగా తలలు పెరిగినంతగా గంటలు పెరగవు.

2021 నుంచి దొంగ దరఖాస్తుల బెడద. ఆర్థిక సాయం కాజేయడానికి బాట్లతో, అంటే మనిషిలా నటించే కంప్యూటర్ ప్రోగ్రాములతో, పేర్లు నమోదు చేస్తున్నారు. వీటిని సెన్సస్ రోజుకు ముందే ఏరేస్తే సరే. ఒక ఏడాది జల్లెడ వదులుగా పట్టి, మరుసటి ఏడాది గట్టిగా పడితే, అసలు విద్యార్థి ఒక్కడూ మానకుండానే చేరికలు తగ్గినట్టు రిపోర్టు వస్తుంది.