ఆరు గదులు, ఒకే గొట్టం

ఆటోమేటిక్ పిస్టల్‌నీ రివాల్వర్‌నీ పక్కపక్కన పెట్టి ఏది తయారుచేయడం తేలిక అని అడిగితే, చాలామంది రివాల్వర్ వైపే వేలు చూపిస్తారు. నూట ఎనభై ఏళ్ల పాత యంత్రం, బయటికి కనిపించే భాగాలు తక్కువ, తిరిగే సిలిండర్ కళ్లెదుటే ఉంటుంది. కానీ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు రివాల్వరే కష్టం. పిస్టల్‌లో తూటా పేలే గది గొట్టంలోనే ఒక భాగం. రెండూ ఒకే ఉక్కు ముక్కలో తొలుస్తారు కాబట్టి అవి ఒకదానికొకటి సూటిగా ఉన్నాయా అన్న ప్రశ్నే రాదు. రివాల్వర్‌లో గొట్టం ఒకటి, గదులు సాధారణంగా ఆరు, ఆ ఆరూ వేరే ముక్కలో ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ సిలిండర్ 60 డిగ్రీలు తిరగాలి, కొత్త గది గొట్టానికి సరిగ్గా ఎదురుగా రావాలి, అక్కడ బిగిసి నిలబడాలి. ఆ తర్వాతే హ్యామర్ పడాలి.

అమెరికాలో కొత్త రివాల్వర్ కొన్నవాళ్లు కొన్నేళ్లుగా చేస్తున్న ఫిర్యాదులు ఎక్కువగా ఈ అమరిక దగ్గరికే వస్తాయి. వందల డాలర్లు, కొన్ని మోడళ్లకైతే వెయ్యికి పైగా పోసి కొన్నది పెట్టె తెరిచేసరికి గొట్టం పక్కకు ఒరిగి ఉంటుంది, లేదా ఆరింట్లో ఒక గది దగ్గర సిలిండర్ పూర్తిగా బిగుసుకోదు. తిరిగి కంపెనీకి పంపితే వారాలు గడుస్తాయి, వెనక్కి వచ్చినది ఒక్కోసారి అదే లోపంతో వస్తుంది. వీటిని కొనుగోలుదారుల అసహనంగా తీసిపారేయడం నాకు నచ్చదు. ప్రతి ఫిర్యాదు వెనకా కొలిచి చూపించగల లోపం ఒకటి ఉంటుంది.

సిలిండర్ మధ్య నుంచి గది మధ్యకు దూరం 12 మిల్లీమీటర్లు అనుకుందాం. సిలిండర్ ఆగాల్సిన చోటికి అర డిగ్రీ ముందే ఆగితే గది కేంద్రం గొట్టం కేంద్రం నుంచి 0.1 మిల్లీమీటరు పక్కకు జరుగుతుంది. తల వెంట్రుక మందం కంటే కాస్త ఎక్కువ, అంతే. కంటికి ఆనదు. గొట్టం వెనక మొదట్లో ఫోర్సింగ్ కోన్ అనే వాలు ఉంటుంది, చిన్నపాటి తేడాను అది సర్దుకుని బుల్లెట్‌ను లోపలికి మళ్లిస్తుంది. ఆ హద్దు దాటితే బుల్లెట్ అంచు చెక్కుకుపోతుంది. చెక్కుకుపోయిన సీసం సిలిండర్‌కీ గొట్టానికీ మధ్యనున్న సందులోంచి పక్కకు చిమ్ముతుంది. షూటింగ్ రేంజిలో పక్కన నిలబడ్డవాళ్ల చెంపకో చేతికో తగిలేది ఇదే. కంటి అద్దాలు లేకుండా రేంజిలోకి రానివ్వకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇక ఆ సందు సంగతి. సిలిండర్ ముందు ముఖానికీ గొట్టం వెనక అంచుకీ మధ్య ఖాళీ ఉండి తీరాలి, లేకపోతే సిలిండర్ తిరగదు. సాధారణంగా అది 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలంటారు. ఎక్కువైతే వాయువు పక్కలకు పోయి బుల్లెట్ వేగం తగ్గుతుంది, నిప్పూ మసీ చిమ్ముతాయి. .357 మ్యాగ్నమ్ తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణం ప్రకారం గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. ఆ పీడనంతో సందులోంచి వచ్చే వాయువుకు వేలు అడ్డుపడితే చర్మం చీలుతుంది.

సందు మరీ తక్కువైనా చిక్కే. ఈ లోపం దుకాణంలో అసలు బయటపడదు. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో ప్రతి పది లక్షల భాగాలకూ దాదాపు 12 భాగాలు పెరుగుతుంది. 40 మిల్లీమీటర్ల సిలిండర్ వరసగా కాల్చినప్పుడు 50 డిగ్రీలు వేడెక్కిందంటే 0.024 మిల్లీమీటరు సాగుతుంది. సందు 0.05 మిల్లీమీటరే ఉంటే సగం అక్కడే పోయింది. మిగతా సగంలో మసి పేరుకుంటుంది. మొదటి పన్నెండు తూటాలు చక్కగా పేల్చిన తుపాకీ నలభయ్యో తూటా దగ్గర బిగుసుకుపోవడానికి వెనకున్న లెక్క ఇదే. కౌంటర్ దగ్గర ఖాళీ తుపాకీని ఎన్నిసార్లు నొక్కి చూసినా ఇది తెలియదు. ఫ్యాక్టరీలో కొన్ని తూటాలు కాల్చి చూసినా తెలియదు.

గొట్టం ఒరిగిపోవడం ఇంకో రకం లోపం. చాలా రివాల్వర్లలో గొట్టాన్ని ఫ్రేములోకి స్క్రూలా తిప్పి బిగిస్తారు. సరైన బిగువు వచ్చే చోటే గొట్టం కొసన గురి చూసే ముందు సైట్ నిట్టనిలువుగా నిలవాలి. మరలు ఎక్కడ మొదలయ్యాయన్న దాంట్లో కొంచెం తేడా ఉన్నా బిగువు సరిపోయే చోట సైట్ పక్కకు వాలుతుంది, సైట్ నిలబెడితే బిగువు తప్పుతుంది. పాతకాలం ఫిట్టర్ అప్పుడు గొట్టం ఫ్రేముకు ఆనే అంచు దగ్గర కాస్త లోహం తీసి మళ్లీ బిగించేవాడు. ఇప్పుడు ఆ నిమిషాలకు లైన్‌లో చోటు లేదు. మరీ గట్టిగా బిగిస్తే మరలున్న చోట గొట్టం లోపలి వ్యాసం సన్నబడుతుంది, అక్కడ బుల్లెట్ నొక్కుకుపోయి గురి పాడవుతుంది. లోపలి గొట్టం వేరుగా, బయటి తొడుగు వేరుగా చేసి చివర నట్టుతో లాగి బిగించే పద్ధతి ఇందుకు మంచి జవాబు. అందులో సైట్ తొడుగు మీద ఉంటుంది కాబట్టి ఒరిగే ప్రశ్న చాలావరకు పోతుంది.

గదుల ముందు భాగపు వ్యాసం కూడా ఇలాంటిదే. దాన్ని రీమర్‌తో, అంటే రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు చెక్కే పనిముట్టుతో తొలుస్తారు. రీమర్ అరుగుతున్న కొద్దీ రంధ్రం సన్నబడుతుంది. ఎప్పుడు మార్చాలన్నది ఖర్చు లెక్క. .45 కోల్ట్ తూటా సీసపు బుల్లెట్ వ్యాసం 0.452 అంగుళాలు. దానికంటే సన్నని గదులతో వచ్చిన రివాల్వర్లను గన్‌స్మిత్‌లు ఎన్నో ఏళ్లుగా మళ్లీ రీమ్ చేసి ఇస్తున్నారు. ఫ్యాక్టరీ మిగుల్చుకున్న రీమర్ ఖర్చు అలా కొన్నవాడి జేబులోంచి వెళ్లింది.

లోపం ఒక భాగంలో ఉండకపోవచ్చన్నది ఇక్కడ అర్థం చేసుకోవాలి. సిలిండర్‌ను తోసే కొక్కెం, వెనక పళ్లు, ఆపే బోల్ట్, అది దిగే గాటు, సిలిండర్‌ను మోసే చేయి, ఇలా అయిదు భాగాలు, ఒక్కోదానికి 0.025 మిల్లీమీటర్ల అటూఇటూ అనుమతి ఉందనుకోండి. అన్నీ తమ హద్దులోనే ఉన్నాయి. అన్నీ ఒకే దిక్కుకు తప్పితే మొత్తం తేడా 0.125. యాదృచ్ఛికంగా కలిస్తే వర్గాల మొత్తానికి వర్గమూలం తీయాలి, అది సుమారు 0.056. అంటే ఎక్కువ తుపాకులు బాగానే కుదురుతాయి, కొన్ని కుదరవు. కుదరని తుపాకీలో తనిఖీ తప్పిన భాగం ఒక్కటీ దొరకదు. లోహపు పొడిని అచ్చుపోసి కాల్చి చేసే భాగాల మీద కొనుగోలుదారులకు గట్టి అనుమానం ఉంది. ఆ భాగాలు కాల్చేటప్పుడు కుంచించుకుపోయే మాట నిజమే, కానీ ఆ కుంచింపు ముందే లెక్కకు అందుతుంది. నా దృష్టిలో దోషం ఆ పద్ధతిది కాదు. కూర్చిన తుపాకీని మొత్తంగా కొలవకపోవడమే దోషం.

ఈ చిక్కు కొత్తది కాదు. శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికా పేటెంటు తీసుకున్నాడు, 1847లో సైన్యానికి వాకర్ రివాల్వర్లు అందించాడు. వాటిలో చాలా సిలిండర్లు పగిలి వెనక్కి వచ్చాయి. అప్పటి ఇనుము నాణ్యత, 60 గ్రెయిన్ల (దాదాపు 4 గ్రాముల) దాకా తుపాకి మందు కూరడం, రెండూ కలిసొచ్చాయి. ఒక తుపాకీ భాగం ఇంకోదానికి సరిపోతుందన్న పేరు కోల్ట్‌కు తర్వాత గట్టిగా వచ్చింది గానీ, అప్పటి భాగాలను ఆకురాయితో సర్ది అమర్చేవారని, ఒక తుపాకీవి ఇంకోదాంతో కలవకుండా నంబర్లు కొట్టేవారని చరిత్రకారులు తేల్చారు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం మంచి రివాల్వర్ అంటే మంచి ఫిట్టర్ చేయి పడ్డ రివాల్వరే. ఆ చేతుల ఖరీదు పెరిగింది, వాళ్లు రిటైరయ్యారు. వాళ్ల స్థానంలో కంప్యూటర్ మెషీన్లు వచ్చాయి. మెషీన్ భాగాన్ని అంతకంటే ఖచ్చితంగా చేస్తుంది, కానీ రెండు భాగాలు కలిసే చోట వేలు పెట్టి చూడదు.

ఇంకో మార్పు గురించి తక్కువమంది మాట్లాడతారు. ఒకప్పుడు రివాల్వర్లకు పెద్ద ఖాతాదారు పోలీసు శాఖ. శాఖకు సొంత ఆర్మరర్లు, అంటే తుపాకులు తనిఖీచేసి బాగుచేసే నిపుణులు ఉండేవాళ్లు. గేజీలు పెట్టి చూసి, కుదరకపోతే వెనక్కి పంపేవాళ్లు. 1986 ఏప్రిల్‌లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయాక అమెరికా పోలీసులు పిస్టళ్లకు మారడం వేగం అందుకుంది. న్యూయార్క్ నగర పోలీసులు 1993లో ఆ మార్పు మొదలుపెట్టి, 2018లో చివరి రివాల్వర్లను పక్కనపెట్టారు. ఆర్మరర్ పోయాడు, అతని గేజీ పోయింది. ఇప్పుడు కొనేది ఒక్కొక్క మనిషి, విడివిడిగా. వాళ్లలో చాలామంది దగ్గర సందును కొలిచే పల్చటి రేకు, ఫీలర్ గేజ్ ఉండదు.

ఫ్యాక్టరీలో నమూనా తనిఖీ ఉంటుంది కదా అనవచ్చు. లాట్‌లో నూటికి రెండు లోపభూయిష్ఠం అనుకుని ఇరవై తీసి చూద్దాం. ఇరవైలో ఒక్కటీ దొరకకుండా పోయే అవకాశం 0.98ని ఇరవైసార్లు గుణిస్తే వస్తుంది, అది 0.67. మూడు లాట్లలో రెండు ఏ మచ్చా లేకుండా దాటిపోతాయి. యాభై తీసి చూసినా ఆ అవకాశం 0.36 ఉంటుంది. అమెరికాలో తుపాకీ కొనుగోళ్లకు జరిపే ఎఫ్‌బీఐ నేపథ్య తనిఖీలు 2019లో 2.84 కోట్లు, 2020లో 3.97 కోట్లు. ఇవి నేరుగా అమ్మకాల లెక్క కాకపోయినా గిరాకీ ఎంత ఎగసిందో చెబుతాయి. అలాంటి ఏడాది నమూనా పెంచడానికి ఏ మేనేజరూ ఇష్టపడడు.

అప్పుడు మిగిలే గేజీ కస్టమర్ సర్వీస్ ఒక్కటే. నాణ్యతా నియంత్రణకు గణాంకాలను వాడిన వాల్టర్ షూహార్ట్ 1924లో కంట్రోల్ చార్ట్ గీసినప్పటి నుంచి పరిశ్రమకు తెలిసిన పాఠం ఒకటుంది, లోపాలను కాలక్రమంలో గుర్తిస్తూ పోతే ఎక్కడ రీమర్ అరిగిందో, ఏ వారం బిగింపు యంత్రం జరిగిందో కనిపిస్తుంది. వెనక్కి వచ్చిన ప్రతి రివాల్వరూ ఆ చార్టు మీద ఒక చుక్క కావాలి. కానీ ఈ చుక్కలు చాలా తక్కువగా పడతాయి. వెయ్యి అమ్మితే ఇరవైలో లోపం ఉందనుకుందాం. కొన్నవాళ్లలో పావు వంతే బిగుసుకుపోయేంతగా కాలుస్తారనుకుంటే అయిదుగురికి తెలుస్తుంది. ఆ అయిదుగురిలో ఇద్దరే పంపుతారు. కంపెనీ పుస్తకంలో లోపం నూటికి రెండు కాదు, వెయ్యికి రెండు. మిగతా పద్దెనిమిది సొరుగుల్లో ఉన్నాయి, అవసరం పడిన రోజున పనిచేస్తాయన్న నమ్మకంతో.

పంపడం కూడా తేలిక కాదు. 1927 నాటి చట్టం చేతి తుపాకులను మామూలు పౌరులు తపాలాలో పంపకుండా చేసింది. ప్రైవేటు కొరియర్లూ నిబంధనలు బిగించాయి. కంపెనీ ముందే చెల్లించిన లేబుల్ పంపితే తప్ప కొన్నవాడికి దారి దొరకడం కష్టం. సర్వీసు విభాగం ఫోను ఎత్తకపోతే లోపం లెక్కలోకే రాదు. సర్వీసు బాగుండకపోతే నాణ్యతా బాగుపడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

బయటి నుంచి ఒత్తిడి చేసే ప్రభుత్వ సంస్థ కూడా లేదు. అమెరికాలో టోస్టర్‌ను వెనక్కి రప్పించగల వినియోగదారుల భద్రతా కమిషన్ పరిధిలోకి తుపాకులు రావు, 1972 చట్టమే వాటిని మినహాయించింది. లోపమున్న వస్తువు మీద కోర్టుకు వెళ్లే దారి మాత్రం ఉంది. 2005 నుంచి 2017 మధ్య తయారైన రోసీ బ్రాండు రివాల్వర్లు కొన్ని కింద పడితే పేలవచ్చన్న భద్రతా హెచ్చరిక వెనక అలాంటి దావా ఉంది. యూరప్‌లో సిఐపి (తుపాకుల పరీక్షకు ఉమ్మడి నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) సభ్య దేశాల్లో ప్రతి తుపాకీనీ ప్రభుత్వ గుర్తింపున్న ప్రూఫ్ హౌస్‌లో పరీక్షించి ముద్ర వేస్తారు. చేతి తుపాకులను గరిష్ఠ పీడనం కంటే 30 శాతం ఎక్కువతో కాలుస్తారు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచీ ఉంది. బలాన్ని పరీక్షించడంలో దానికి తిరుగులేదు గానీ ట్రిగ్గర్ తీరునో సైట్ వాలునో అది సరిచేయదు.

కంపెనీ తలచుకుంటే ఏం చేయగలదో రూగర్ చూపించింది. 1973కు ముందు తయారైన దాని సింగిల్ యాక్షన్ రివాల్వర్లలో, అంటే ప్రతిసారీ హ్యామర్‌ను చేత్తో వెనక్కి లాగాల్సినవాటిలో, హ్యామర్ కింద తూటా ఉండగా కింద పడితే పేలే ప్రమాదం ఉండేది. కొత్త మోడల్‌లో ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బను తూటా వైపు అందించే ట్రాన్స్‌ఫర్ బార్ పెట్టారు. పాతవాటికి కూడా ఉచితంగా మార్చి ఇస్తామని 1982 నుంచి ప్రకటిస్తూ వచ్చారు. తుపాకీ ఎన్ని చేతులు మారినా సరే. నాకు ఇది గౌరవం కలిగించే పని.

మన దేశంలో లైసెన్సుదారు కొనే రివాల్వర్ ఎక్కువగా కాన్పూర్‌ది. 2014లో అక్కడి నుంచి వచ్చిన నిర్భీక్ రివాల్వర్ ధర లక్షా ఇరవై వేల రూపాయలు దాటింది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతుకూ లైసెన్సు కావాలి, కాబట్టి ఊళ్లో లేత్ ఉన్న మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లడానికి వీల్లేదు. తయారీదారు సర్వీసే దాదాపు దిక్కు. నిర్భీక్ పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతిలో పైనుంచి విరిచి తెరిచేది. 2023 ఆగస్టులో అదే నగరం నుంచి వచ్చిన ప్రబల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. నింపడానికి అది సుఖం. కానీ సిలిండర్‌ను మోసే చేయి కాస్త వంగినా గదులు గొట్టానికి సూటిగా రావు. గొట్టంలోంచి సరిపోయే వ్యాసమున్న కడ్డీని దించి ఆరు గదుల్లోనూ తగలకుండా వెళ్తోందో లేదో చూడడం, ఫీలర్ గేజ్‌తో సందు కొలిచి ఆ అంకె తుపాకీతో పాటు ఇచ్చే కాగితం మీద రాయడం, ఒక్కో రివాల్వర్‌కు కొన్ని నిమిషాల పని. లక్ష రూపాయలు పెట్టిన మనిషి ఆ కాగితం అడగాలి, కంపెనీ ఇవ్వాలి.