గోడ మీద నీలి గీత: వాతావరణ మార్పు, కళ, కొన్ని అపోహలు

వరంగల్, హన్మకొండ వాడల్లో, ములుగు వైపు ఊళ్లలో వాతావరణ మార్పు మీద బొమ్మలు, ఇన్‌స్టలేషన్లు (వస్తువులను ఒకచోట అమర్చి చేసే కళ) చేస్తుంటాను. వాటి చుట్టూ జనం కూర్చుని మాట్లాడుకోవాలన్నదే నా ఆశ. ఎక్కడికి వెళ్లినా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. వాటికి ఒకచోట జవాబు రాస్తున్నాను.

అపోహ: కరిగే మంచు, ధ్రువపు ఎలుగుబంటి, మండే భూగోళం గీస్తే జనానికి అర్థమవుతుంది.

వాస్తవం: మెచ్చుకుని వెళ్లిపోతారు. మాట పుట్టేది మన ఇంట్లోకి వచ్చిన నీళ్ల దగ్గర. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంతకుముందు రాష్ట్ర రికార్డు 2013లో వాజేడులో కురిసిన 517.5 మి.మీ. పక్కనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇళ్ల పైకెక్కారు. రెండు రోజులకు వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఇవన్నీ ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు.

అందుకే మేం చేసే పని చాలా చిన్నది. సున్నంలో నీలిమందు కలిపి, ఇంటివాళ్లు సరేనంటే, ఆరోజు నీళ్లు వచ్చినంత ఎత్తులో గోడ మీద గీత గీస్తాం. ఎంత ఎత్తో మేం చెప్పం, వాళ్లే చూపించాలి. “గీడిదాక గాదు బిడ్డా, ఇంకింత మీదికి. బియ్యం డబ్బా మునిగింది గదా” అంటుంది అవ్వ. అంత రాలేదంటాడు పక్కింటి కాక. వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే ఇంకో నలుగురు వచ్చి చేరతారు. నాకు కావలసింది ఆ గుంపే.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 2007లో ఈవ్ మోషర్ అనే కళాకారిణి న్యూయార్క్‌లో సముద్ర మట్టానికి పది అడుగుల ఎత్తున, సుమారు 70 మైళ్ల పొడవునా సుద్దపొడితో గీత వేసుకుంటూ నడిచింది. ఏం చేస్తున్నావమ్మా అని అడిగినవాళ్లతో ఆగి మాట్లాడింది. 2012లో శాండీ తుఫాను వచ్చినప్పుడు ఆ వాడలు చాలా మునిగాయి. ఆమె రాబోయే నీళ్లను గీసింది, మేం వచ్చిపోయిన నీళ్లను గీస్తున్నాం.

అపోహ: వాతావరణం గురించి పెట్టిన మీటింగ్‌లో నాలా కబ్జాల మాట వస్తే టాపిక్ పక్కదారి పట్టినట్టే.

వాస్తవం: దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆ మాటను ఆపకూడదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. ఆ తేమ ఒక్కసారిగా కురిస్తే కుండపోతే. కానీ కురిసిన నీళ్లు ఎవరి గడపలోకి వస్తాయన్నది చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, ఎన్ని ఇళ్లు లేచాయి, నాలా వెడల్పు ఎంత మిగిలింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాకతీయుల కాలం నుంచి ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే (అలుగు పారితే) ఆ నీళ్లు కిందిచెరువుకు చేరాలి. మధ్యలో దారి మూసేస్తే ఎటు పోతాయి? ఈ లెక్క పెద్ద మనుషులకు మనకన్నా బాగా తెలుసు. నేల మీద ముగ్గుతో చెరువులు, కాలువలు గీసి, ఎక్కడ దారి మూసుకుపోయిందో వాళ్లనే రాళ్లు పెట్టి చూపించమంటే, వేడెక్కే గాలి గురించీ నాలా గురించీ ఒకే మాటలో మాట్లాడతారు. మొత్తం నేరాన్ని వాతావరణ మార్పు మీదికి నెట్టే బొమ్మ, కబ్జా చేసినవాళ్లకు సాయం చేసే బొమ్మ.

అపోహ: ఇన్‌స్టలేషన్లు, పబ్లిక్ ఆర్ట్ మనవాళ్లకు ఎక్కవు.

వాస్తవం: గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించిన బట్ట మీద నకాషీ చిత్రకారులు వేసిన చేర్యాల పటాన్ని ఒక్కో బొమ్మల గడి విప్పుతూ కథ పాడిన నేల ఇది. బతుకమ్మను ఊరంతా కలిసి పేర్చి, చుట్టూ పాడి, నీళ్లలో వదిలేస్తుంది. మనకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. ఒకచోట ఆడవాళ్లను అప్పట్లో ఏయే పూలు ఎక్కడ దొరికేవో చెప్పమన్నాం. గునుగు, తంగేడు ఇప్పుడు కొనుక్కోవాల్సి వస్తోందన్నారు. వానలు మారాయని ఒకావిడ అంటే, కాదు, గడ్డిమందు కొట్టి, ప్లాట్లు చేసి మనమే పోగొట్టుకున్నామని ఇంకో ఆవిడ అంది. నేను నోరు విప్పలేదు.

అపోహ: భయపెడితేనే జనం కదులుతారు.

వాస్తవం: ఇల్లు మునిగినవాళ్లకు కొత్తగా భయం అక్కర్లేదు. మబ్బు పడితేనే వాళ్లకు టెన్షన్.

అపోహ: ఓపెనింగ్ రోజు జనం వస్తే ప్రాజెక్టు సక్సెస్.

వాస్తవం: జర్మనీలోని కాసెల్‌లో జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు 7000 ఓక్ చెట్ల పనిని 1982లో మొదలుపెట్టాడు. ఒక్కో చెట్టు పక్కన ఒక బసాల్ట్ రాయి నాటారు. పని 1987లో, ఆయన పోయిన తర్వాతి ఏడు పూర్తయింది. మనకు ఇచ్చే నిధులు మాత్రం చాలాసార్లు ఫ్లెక్సీకి, టెంటుకు, ఫొటోలకు సరిపోతాయి. తర్వాతి వానాకాలం మళ్లీ ఆ వాడకు వెళ్లడానికి డబ్బు ఉండదు. బడ్జెట్ రాసేటప్పుడే ఆ రెండో రాకకు డబ్బు విడిగా పెట్టమని కొత్తగా వస్తున్న కళాకారులకు చెబుతుంటాను. రంగులు కాస్త తగ్గినా ఫర్వాలేదు.

అపోహ: బొమ్మలతో ఉద్గారాలు (గాలిని వేడెక్కించే వాయువులు) తగ్గవు, కాబట్టి వాటితో లాభం లేదు.

వాస్తవం: తగ్గవు, నిజమే. కానీ గీతల ఎత్తులు, ఇంటివాళ్లు చెప్పిన తేదీలు ఒక నోట్‌బుక్‌లో రాసి, దాన్ని వాడవాళ్ల దగ్గరే ఉంచి వస్తాం. కార్పొరేటర్ దగ్గరికి వెళ్లి నాలా పూడిక తీయించమని అడిగేటప్పుడు ఆ నోట్‌బుక్ వాళ్ల చేతిలో ఉంటుంది.