తొలి నొప్పులు: సెంటీమీటర్లు చెప్పని కథ

రాత్రంతా నొప్పులు పడ్డాక, గర్భాశయ ముఖద్వారం ఇంకా 2 సెంటీమీటర్లే తెరుచుకుందని వింటే ఎవరికైనా నీరసం వస్తుంది. కానీ అప్పటివరకూ జరిగిన పనిలో చాలా భాగం ఆ కొలతకు అందదు.

గర్భంతో ఉన్నన్నాళ్లూ ఈ ముఖద్వారం గట్టిగా బిగుసుకుని, దాదాపు 3 నుంచి 4 సెంటీమీటర్ల పొడవుంటుంది. నెలలు నిండాక ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాలు దాని కొల్లాజెన్ (గట్టిదనాన్నిచ్చే ప్రోటీన్) అల్లికను వదులు చేస్తాయి. ఆపై నొప్పి వచ్చిన ప్రతిసారీ గర్భాశయ కండరం బిగిసి దాన్ని పైకి లాగుతుంది. అలా అది మెత్తబడి, పొట్టిదై, పలచబడుతుంది. తొలి కాన్పులో సాధారణంగా ముందు పలచబడి, ఆ తర్వాతే బాగా తెరుచుకుంటుంది. తర్వాతి కాన్పుల్లో రెండూ కలిసే సాగుతాయి కాబట్టి సమయం తగ్గుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 5 సెంటీమీటర్ల వరకూ తొలి నొప్పుల దశే. ఇది ఇంతసేపే ఉండాలన్న లెక్క లేదని కూడా అందులో ఉంది. కొందరికి కొన్ని గంటలు, కొందరికి రోజు దాటవచ్చు. 'ఇంకా కాలేదా?' అని పదేపదే అడిగే ఇంటివాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. ఆ ప్రశ్న ఆమె టెన్షన్‌ను పెంచుతుందే తప్ప సాయం చేయదు.

మొదట్లో నెలసరి నొప్పిలా పొత్తికడుపులో, నడుములో లాగినట్టు ఉంటుంది. కాస్త నెత్తుటి చారతో జిగురు పడొచ్చు. దొంగ నొప్పులైతే నడిచినా, పడుకున్నా చాలాసార్లు సద్దుమణుగుతాయి. అసలు నొప్పులు రానురాను దగ్గరవుతాయి, బలపడతాయి, ఎక్కువసేపు నిలుస్తాయి.

ఈ దశలో అన్నిటికన్నా విలువైనది విశ్రాంతి అని నా గట్టి నమ్మకం. రాత్రయితే కునుకు తీయాలి. అసలు శ్రమ ముందుంది, ఒంట్లో శక్తి దానికి మిగలాలి. నీళ్లు తాగుతూ, తేలిగ్గా తింటూ, మూత్రం ఆపుకోకుండా ఉండాలి. గోరువెచ్చని నీటి స్నానం, నడుము మర్దన హాయినిస్తాయి. ముక్కడం మాత్రం ఇప్పుడు వద్దు.

నొప్పులు 5 నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు వస్తుంటే తొలి కాన్పువాళ్లు సాధారణంగా ఆసుపత్రికి బయల్దేరాలి. ఇదివరకు కాన్పైనవాళ్లు, ఆసుపత్రికి దూరంగా ఉన్నవాళ్లు అంతవరకూ ఆగకూడదు. ఉమ్మనీరు పోయినా, నొప్పులు లేకపోయినా సరే, వెంటనే ఆసుపత్రికి చెప్పాలి. ఆ నీరు ఆకుపచ్చగా ఉంటే మరీ తొందరపడాలి. రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం, చూపు మసకబారేంత తలనొప్పి, 37 వారాలు నిండకుండానే నొప్పులు: వీటిలో ఏది కనిపించినా గడియారం చూడకుండా బయల్దేరాలి.