పసుపు పిన్నుకు చోటెందుకు పోయింది?

పెళ్లి క్యాసెట్ చూద్దామని అటక మీది డెక్కు (వీసీఆర్) దింపుతారు. దుమ్ము దులిపి కరెంటిస్తే అది తిరుగుతుంది కూడా. అసలు చిక్కు ఆ తర్వాతే. బొమ్మకు పసుపు, శబ్దానికి తెలుపు, ఎరుపు, ఇలా దానికుండే పిన్నులు గుచ్చడానికి కొత్త టీవీ వెనక చోటు కనబడదు. టీవీలు పలచబడ్డాయి కదండీ అంటారు షాపువాళ్లు. అందులో నిజం సగమే. మిగతా సగం సినిమా కంపెనీల భయం.

ఆ పిన్ను అసలు వీడియో కోసం పుట్టలేదు. 1930ల్లో ఆర్‌సీఏ కంపెనీ రేడియో సెట్లకు గ్రామఫోన్ తగిలించుకోవడానికి చేసింది. 1975లో సోనీ బీటామాక్స్, 1976లో జేవీసీ వాళ్ల వీహెచ్‌ఎస్ అనే వీడియో క్యాసెట్ పద్ధతులు వచ్చేనాటికి చాలా టీవీలకు ఏంటెనా సాకెట్ తప్ప వేరే దారి లేదు. అందుకే డెక్కు తానే ఓ బుల్లి టీవీ స్టేషనై, ఖాళీ చానెల్లో బొమ్మను ప్రసారం చేసేది. మన దేశంలో 1982 ఏషియాడ్ (ఆసియా క్రీడలు)తో రంగుల టీవీ వచ్చింది, దాని వెనకే డెక్కులూ. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సామాన్లలో ఒకటి ఉండేది. లేనివాళ్లు అద్దెకు తెచ్చుకుని, తెల్లారేదాకా మూడు నాలుగు సినిమాలు లాగించేవారు.

హాలీవుడ్‌కు ఈ డెక్కు మొదటినుంచీ మింగుడుపడలేదు. 1976లోనే యూనివర్సల్, డిస్నీ కలిసి సోనీ మీద దావా వేశాయి. 1984లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో సోనీ పక్షాన నిలిచింది: వీలున్నప్పుడు చూసుకోవడానికి ఇంట్లో టీవీ ప్రసారాన్ని రికార్డు చేసుకోవడం తప్పు కాదంది. కోర్టులో ఓడినవాళ్లు యంత్రం లోపలికి దూరారు. 1980ల నడుమ కాపీని చెడగొట్టే మాక్రోవిజన్ అనే ఏర్పాటు వచ్చింది. సినిమా క్యాసెట్‌ను ఇంకో డెక్కులోకి కాపీ కొడితే బొమ్మ ఒకసారి వెలిగి ఒకసారి మసకబారేది దాని చలవే. 1998లో అమెరికా చట్టం డెక్కులన్నీ దానికి లొంగాల్సిందేనని తేల్చింది.

ఆ పట్టుదలే డిజిటల్ కాలానికీ వచ్చింది. 2002 చివర్లో సోనీ, పానాసోనిక్, ఫిలిప్స్, తోషిబా తదితర ఏడు కంపెనీలు బొమ్మనూ శబ్దాన్నీ ఒకే తీగలో పంపే హెచ్‌డీఎంఐని తెచ్చాయి. కాపీ కొట్టనివ్వకుండా ఇంటెల్ తయారుచేసిన హెచ్‌డీసీపీ తాళం ఆ తీగలో నడుస్తుంది. పసుపు పిన్నుకు అలాంటి తాళం వేయలేరు. కాబట్టి బ్లూ-రే (సినిమా డిస్కుల) ప్లేయర్ల లైసెన్సులో షరతు పెట్టారు: 2011 నుంచి కొత్త ప్లేయర్లు పాత పిన్నుల్లో మామూలు నాణ్యత బొమ్మే ఇవ్వాలి, 2013 దాటాక తయారయ్యేవాటికి ఆ పిన్నులే ఉండకూడదు. షరతు ప్లేయర్లకే, టీవీలకు కాదు. కానీ గుచ్చడానికి కొత్త యంత్రాలు తగ్గిపోయాక, టీవీ కంపెనీ సాకెట్ మీద డబ్బెందుకు తగలేస్తుంది? మధ్యలో నలిగింది మాత్రం మన క్యాసెట్. బావగారి పెళ్లిని దొంగ కాపీ తీసి అమ్ముకునేదెవరు?

అయినా కొన్ని టీవీల్లో ఆ సాకెట్ ఇంకా నక్కి ఉంటుంది. ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటిదాని పక్కన 'ఏవీ ఇన్' అని ఉంటే అదే. దానికి కొసన మూడు నల్ల గీతలుండే పిన్ను కావాలి. పాత క్యామ్‌కార్డర్ కేబుల్ గుచ్చితే కొన్నిసార్లు బొమ్మ రాదు, బుర్రుమనే చప్పుడొస్తుంది. లోపలి తీగల వరస వేరు. పసుపు, ఎరుపు తారుమారు చేసి చూడండి, చాలాసార్లు సరిపోతుంది. ఆకుపచ్చ సాకెట్లోనే పసుపు పిన్నును పెట్టుకోమనే టీవీలూ ఉన్నాయి. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే మెనూలో 'ఏవీ' ఎంచుకోవాలి, 'కాంపొనెంట్' కాదు.

ఏదీ లేకపోతే కన్వర్టర్. 'ఏవీ టు హెచ్‌డీఎంఐ' అడగాలి. తిరగేసిన పేరుతో అదే సైజులో ఇంకో డబ్బా ఉంటుంది, అది మనకు ఎందుకూ పనికిరాదు. యూఎస్‌బీ కరెంటు ఇవ్వడం మరవొద్దు. అరిగిన క్యాసెట్ల సిగ్నల్ నిలకడగా ఉండదు. పాత డబ్బా టీవీ దాన్ని భరించేది, కన్వర్టరేమో ఉన్నట్టుండి బొమ్మ ఆపేసి నీలం తెర వేస్తుంది. మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తే టీవీలో 4:3 పెట్టాలి.

చివరిదాకా డెక్కులు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో తయారీ ఆపేసింది. ఇక దొరికేవన్నీ పాతవే, టేపును చదివే వాటి హెడ్లు అరగకముందే క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం నయం.